జీడి మచ్చ

మా మరిది భీమేశ్వరరావుకి నలుగు పెట్టడానికి నన్ను రమ్మన్నారని తెలియగానే నా కడుపు చల్లబడింది. "వెళ్ళకపోతే ఏం పోయిందిలే" అన్నారు మా ఆయన. వెళ్ళకపోవడమేమిటి! మూడేళ్ళుగా ఆ పిలుపు కోసమే కాచుక్కూచున్నాను.

వీడు మా ఆయనకి పినతల్లి కొడుకు. గుడివాడ కాలేజీలో చదివే రోజుల్లో, వేసవి సెలవులకి ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని, హంసలదీవి సముద్రం చూస్తామని నాగాయలంకలో మా ఇంట్లో దిగాడు. అప్పుడు గుడివాడలో మశూచి. అవనిగడ్డలో బస్సులాపి, టీకా మచ్చ లేనివాళ్ళకి అక్కడికక్కడే పొడుస్తున్నారు. వీళ్ళని మాత్రం వదిలేశారట. ఎందుకో అన్నం తింటూ తనే చెప్పాడు.

"చాకలి పోతయ్య బట్టలకి గుర్తు పెట్టే జీడి ఉంటుంది చూడు వదినా, అది చేతికి అంటించుకున్నాం. పొక్కి, మచ్చ పడింది. టీకాలవాడు చూసి 'వెళ్ళండి బాబూ' అన్నాడు!" అని పకపకా నవ్వాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని చీవాట్లు పెట్టాను. వారం తిరక్కుండా వాడికి ఒళ్ళంతా పొక్కులు. వాడు నయమై లేచేసరికి మా సుగుణకి అమ్మవారు పోసింది. ఏడాది పిల్ల. అంతకు ముందే జ్వరం తగిలిందని దానికి టీకా వాయిదా వేశాం. అది మాకు దక్కలేదు.

అంతటితో ఆగాడా? గుడివాడ వెళ్ళి, "నేను టీకా వేయించుకునే వెళ్ళాను. వాళ్ళింట్లోనే శుచీ శుభ్రం లేదు, అక్కడే అంటుకుంది" అని ఊరంతా చాటాడు. బిడ్డనీ పోగొట్టుకుని, ఆ మాటా పడ్డాను. వాడి నోటితోనే నిజం కక్కించాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

పెళ్ళి పెదపారుపూడిలో. విడిదింట్లో వాణ్ణి పీట మీద కూచోబెట్టారు. ఆడపెళ్ళివారంతా చుట్టూ చేరారు. వదిన వేళాకోళమాడితే కాదనేదెవరు? సున్నిపిండి పిడికెడు తీసుకుని, ఎడమ చేతి మచ్చ మీద పెట్టి బరబరా రుద్దాను.

"అబ్బా, మంట వదినా!"

"ఏమిటోయ్ మరిదీ, ఎంత రుద్దినా పోదేం? చాకలి గుర్తులా ఉందే! ఏ ఇంటి బట్టవి నువ్వు?"

అందరూ గొల్లుమన్నారు. పెళ్ళికూతురి మేనత్త వెంకాయమ్మగారు కూడా నవ్వారు.

"టీకా మచ్చ" అన్నాడు, చెయ్యి వెనక్కి లాక్కోబోతూ.

"టీకానా? మరి ముఖం మీద ఈ గుంటలేమిటి? జీడి పెట్టుకుంటే మశూచి ఆగుతుందా? చెప్పు. చెప్పేదాకా రుద్దుతూనే ఉంటాను."

నవ్వులు ఆగిపోయాయి. వెంకాయమ్మగారు ముందుకొచ్చి వంగి చూశారు. "ఇది జీడి మచ్చేనమ్మా. ఏం అబ్బాయ్?"

నేను చెయ్యి ఆపలేదు. తోలు లేచి నెత్తురు కారింది.

"జీడే" అన్నాడు చివరికి, తలొంచుకుని. "టీకా వేయించుకోలేదు. నా వల్లే వాళ్ళ పాపకి పోసింది."

"దాని పేరు చెప్పు."

"సుగుణ."

వెంకాయమ్మగారు మంగళస్నానం పళ్ళెం ఎత్తుకుని వాళ్ళింటికి నడిచారు. ఆ పెళ్ళి ఆగిపోయింది. మరిది వాళ్ళమ్మ "నీ చేతులు పడిపోనూ!" అని నాకు శాపనార్థాలు పెట్టింది. పెట్టనీ.

తిరుగు బస్సులో మా ఆయన మెల్లగా అడిగారు, "కసి తీరిందా?"

నా చేతులకి ఇంకా సున్నిపిండి వాసన. సుగుణకి నీళ్ళు పోసిన రోజుల్లో ఉండే వాసనే.

"తీరలేదండీ" అన్నాను.