ఫొటోలో నాలుగోవాడు

కాశీబుగ్గ గ్రంథాలయంలో ఆదివారం పూట జరిగే పని ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు నవ్వేవారు. వెనకగదిలో గోడకి అడ్డంగా రెండు తాళ్ళు కట్టి, బట్టలారేసినట్టు పాత ఫొటోలు క్లిప్పులతో వేలాడదీసి, ముగ్గురు మనుషులు వాటి ముందు కూర్చుని, ఇదెవరు, ఇదెక్కడ అని గంటలకొద్దీ వాదించుకునేవారు.

ఫొటోలు పక్కనే పలాస స్టేషను రోడ్డులో మూతపడిన ఒక స్టూడియోవి. యజమాని పోయాక కొడుకులు సామాను అమ్మేస్తుంటే, జనం తీయించుకుని మళ్ళీ అడగడానికి రాని ఫొటోలు రెండు ట్రంకుపెట్టెల నిండా బయటపడ్డాయి. చిత్తుకాగితాలతో పాటు పోవాల్సినవే. రిటైరైన డ్రాయింగు మాస్టారు నారాయణమూర్తి అడ్డుపడి తెచ్చారు. గ్రంథాలయం చూసుకునే ఝాన్సీలక్ష్మి గది ఇచ్చింది. గుర్తుపట్టిన ఫొటో వెనక పెన్సిలుతో పేరు, ఊరు, ఏడాది రాసి, ఆ ఇంటివాళ్ళకి కబురుపెట్టి ఇచ్చేసేవారు.

మూడో మనిషి సింహాచలమ్మ. ఉద్దానం పల్లెల్లో ఒకటి ఆమెది. చదువు ఏడో తరగతితో ఆగింది. వారమంతా జీడి ఫ్యాక్టరీలో నిండు పప్పు, బద్ద, నూక వేరుచేసే పని. ఆదివారం ఇక్కడ. రెండేళ్ళ కిందట గుమ్మంలో నిలబడి, "నా కొడుకు ఫొటో ఏదైనా ఉంటాదేటండి ఇందులో" అని అడిగింది. ఆ రోజు దొరకలేదు. అది వెతుకుతూ వెతుకుతూనే, వాళ్ళిద్దరూ ఇక తెలియదని పక్కన పడేసిన వాటిలో ఏడుగురిని గుర్తుపట్టేసింది. మాస్టారు ఆమెకో పీట వేయించారు.

ఇంట్లో లోకనాథ్ ఫొటో ఒక్కటీ లేదు. పసివాడప్పుడు దిష్టి తగులుతుందని తీయించలేదు. పెద్దయ్యాక హాల్‌టికెట్టు మీద ఒకటి ఉండేది, అది తుఫాను వానకి నాని ముద్దైపోయింది. "ఫొటో తేవమ్మా, వెతుకుతాం" అని పోలీసులు అన్నప్పుడు ఆమె దగ్గర చూపించడానికి ఏమీ లేదు. రంగు చామనచాయ, గడ్డం మీద చిన్న గాటు అని చెప్పి వచ్చేసింది. అలాంటి కుర్రాళ్ళు ప్రతి బస్సులోనూ ఇద్దరుంటారు.

వాడు వెళ్ళింది తొంభైతొమ్మిదిలో, వినాయక చవితి దాటిన వారంలో. పంపింది ఆమే. అంతకు ముందేడు కాళ్ళు వాచి, మొహం ఉబ్బి ఆమె మొగుడు పోయాడు. కిడ్నీలు అన్నారు. ఆ వీధిలో అప్పటికి అది నాలుగో చావు. నీళ్ళలోనే ఉందని కొందరు, కాదు మందుల్లో ఉందని కొందరు. కొడుకు బావి దగ్గర చెంబెత్తి తాగుతుంటే ఆమెకి ప్రాణం పోయినట్టుండేది. "ఈ నీల్లు నువ్వు తాగొద్దు నాయినా. ఇశాపట్నం మావయ్య దగ్గరకి ఎల్లిపో. ఏ ఊరైనా పరవాలేదు, నీల్లు మంచివైతే సాలు" అని వెంటపడి, కొత్త గళ్ళచొక్కా కుట్టించి అక్కడ రైలెక్కమని పలాస బస్సెక్కించింది. విశాఖపట్నంలో వాడు దిగలేదు.

అక్టోబరులో పది రోజుల తేడాతో రెండు తుఫాన్లు వచ్చాయి. మొదటిది ఉద్దానంలో కొబ్బరిచెట్ల మొవ్వులు విరిచేసింది. రెండోది ఒరిస్సాని ముంచేసింది. విరిగిన చెట్ల మధ్య నిలబడి సింహాచలమ్మ దణ్ణం పెట్టుకుంది, నా బిడ్డ ఎక్కడున్నా దక్షిణాన ఉన్నాడు, అంతే చాలని. ఆ తర్వాత నాలుగేళ్ళూ దక్షిణం వైపే వెతికింది. విజయనగరం, తుని, రాజమండ్రి. రైలు కింద పడ్డాడేమో, ఎవరో కొట్టి ఎక్కడో పడేశారేమో, మతి చెడి తిరుగుతున్నాడేమో, ఇలా ఆమెకి రాని భయం లేదు. ఒక్క తుఫాను భయం మాత్రం లేదు.

రెండువేల మూడు కార్తీకమాసంలో ఒక ఆదివారం, రెండో పెట్టె అడుగుకి వచ్చారు.

"ఇది టెక్కలి," అన్నారు మాస్టారు, భూతద్దం దించకుండానే. "ఈ స్తంభాలు చూడండి. ఏ జమీందారు బంధువుల ఇల్లో."

"మీసం కనబడితే సాలు, మాస్టారికి జమీందారే," అంది ఝాన్సీలక్ష్మి. "మొన్న బస్సు కండక్టర్ని దివాన్ని చేసీసినారు."

"వాడి టోపీ అలా ఉంది మరి."

"టెక్కలి కాదండి," అంది సింహాచలమ్మ. "పెల్లికూతురి కాల్లు సూడండి. సుట్టూ అంచుకట్టి ఎంత నల్లగా పడ్డాదో. పసుపైతే ఇలాగ పడదు. అది అల్తా, కాల్లకి రాసే ఎర్రరంగు. ఒడియావోల్లతో కలిసి బతికిన ఊరు. ఇచ్ఛాపురం వైపుది ఈ పెల్లి."

మాస్టారు వెనక రాసిన టెక్కలిని రబ్బరుతో చెరిపేశారు. "కానీండి. ఇంక నాకు పింఛనొక్కటే మిగిలింది, పరువు పోయింది."

తర్వాతి కవరులో ఒకటే ఫొటో, రంగులది. నలుగురు కుర్రాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని రోడ్డు మీద నిలబడ్డారు. ఝాన్సీలక్ష్మి దాన్ని తాడుకి తగిలించి వెనక్కి జరిగింది. "ఎవరో నలుగురు స్నేహితులు. నీకేమైనా తెలిసినట్టుందా అప్పా?"

సింహాచలమ్మ ఒళ్ళో ఉన్న ఫొటోలన్నీ అంచులు కలిపి బల్ల మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"కుడిపక్క సివరోడు నా బిడ్డమ్మా," అంది.

ఆ రోజు మాస్టారు భోజనానికి ఇంటికి వెళ్ళలేదు. వెనక రిక్షాలు, పక్కన రేకుల టీకొట్టు, కనుక స్టేషను ముందు. సగం విప్పిన పందిరి, బురదలో రంగుకాగితాలు, కనుక చవితి నిమజ్జనం అయిపోయాక. గళ్ళచొక్కాకి మడతలింకా పోలేదు. కాళ్ళ దగ్గర ఆమె సర్ది ఇచ్చిన నీలం సంచీ. వాడు ఇల్లు విడిచిన రోజే తీసిన ఫొటో అది.

"నలుగురిదీ ఒకటే జట్టు," అన్నారు మాస్టారు. "మిగతా ముగ్గురిలో ఒకడు దొరికితే, మీవాడు ఎటెళ్ళాడో చెప్తాడు."

ఝాన్సీలక్ష్మి అవునంది. సింహాచలమ్మా అవుననే అనుకుంది. భుజాల మీద ఆ చేతులు చూస్తే ఎవరైనా అంతే అనుకుంటారు.

మిగతా ముగ్గురిలో మధ్యవాడు కెమెరా వైపు అరచెయ్యి చూపిస్తున్నాడు. భూతద్దం పెడితే అరచేతిలో అడ్డంగా తెల్లటి చారలు. "వలతాడు కోసిన సెయ్యి. సముద్రమోల్లు," అంది ఆమె. ఫొటోని జిరాక్సులు తీయించి, కాశీబుగ్గ సంతకి ఎండుచేపలు తెచ్చే ఆడవాళ్ళ గంపకొకటి చొప్పున పెట్టారు. మూడో వారానికి ఒకామె కాగితం వెనక్కి తెచ్చింది.

"మద్దినున్నోడు మా డొంకూరు ధనుంజయ్. ఉన్నాడు. ఈ పక్కనోల్లిద్దరూ మావోల్లే. లేరు."

"లేరంటే, పనికెల్లినారా?" అంది సింహాచలమ్మ.

"లేరంటే లేరమ్మా," అని ఆమె గంప ఎత్తుకుంది.

డొంకూరు వెళ్ళేదాకా సింహాచలమ్మ అన్నం ముద్ద మింగలేదు. ఇచ్ఛాపురంలో రైలు దిగి ఆటో ఎక్కాక మాస్టారు ఏవో మాటలు చెప్పబోయారు గానీ, ఆమె వినడం లేదని చూసి ఊరుకున్నారు.

ధనుంజయ్ కమ్మలపాక నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగదు, వలని కాలిబొటనవేలితో తొక్కిపట్టి కుడిచేత్తోనే కుడుతున్నాడు. మాస్టారు ఫొటో ఇచ్చారు. అతను చాలాసేపు చూశాడు.

"వచ్చినప్పుడు తీసుకుంతామని సెప్పి ఎల్లిపోనాం," అన్నాడు. "ఈడు బైరాగి. ఈడు పోలారావు. ఇది నాను." వేలు నాలుగోవాడి దగ్గరికొచ్చి ఆగింది. తలెత్తి సింహాచలమ్మ మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"మీ జట్టులోవాడే కదా బాబూ?" అన్నారు మాస్టారు.

"మా జట్టు ముగ్గురమేనండి. ఈ పిల్లడెవుడో అప్పటికి మాకు తెల్దు. ముగ్గురం నిలబడితే ఫొటో తీసీవోడు తియ్యనన్నాడు. ముగ్గురు దిగితే ఒకడు మిగలడంట. నాలుగోవోన్ని ఎవున్నైనా తెచ్చుకోండర్రా అన్నాడు. ఈడు సంచీ అట్టుకుని రోడ్డు మీద నిలబడున్నాడు. రావోయ్ బావా, ఒక్క నిమిషం అని లాగీసినాం."

మాస్టారు కళ్ళజోడు తీసేశారు. ఆ రెండు పెట్టెల్లో అలాంటివి ఎన్ని చూశారో. ముగ్గురన్నదమ్ముల పక్కన స్టూడియో పనివాడు. ముగ్గురక్కచెల్లెళ్ళ ఒళ్ళో ప్లాస్టిక్ బొమ్మ. "ఈ నాలుగోది లెక్క కోసమేనండి, దాన్ని వెతక్కండి" అని చెప్పేది సింహాచలమ్మే. తన కొడుకు దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి ఆమెకీ తట్టలేదు, వాళ్ళకీ తట్టలేదు.

ఆమెకి మాత్రం ఒళ్ళు తేలికైంది. "అయితే నా బిడ్డ మీవోడు కాదు. ఫొటో దిగి తన దారిన ఎల్లిపోనాడు. ఇశాపట్నం బండి ఎక్కీసినాడు. అంతేగదా బాబూ?"

ధనుంజయ్ వలసూది పక్కన పెట్టాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఫొటో అయ్యాక నలుగురం టీ తాగినాం. మేం పారాదీప్ పక్క రొయ్యల సెరువులకి ఎల్తన్నాం. నలుగురు కావాలన్నారు, ముగ్గురమే కుదిరినాం. వత్తావేటి బావా అని బైరాగి అడిగినాడు. మీవోడు ఒకటే అడిగినాడు. అక్కడ నీల్లు మంచివేనా అని."

సింహాచలమ్మ ఇసకలో కూర్చుంది.

"బైరాగి నవ్వినాడు. ఒరిస్సా నీల్లు పంచదారరా అన్నాడు. మీవోడు వచ్చీసినాడు."

"ఒక్క ఉత్తరం ముక్క రాయలేదేటి బాబూ?"

"రాయమన్నాం. పారాదీప్ అని తెలిత్తే మాయమ్మ తిండి మానేత్తాది, ఆవిడికి అన్నిటికీ బయిం, మొదటి జీతం సేతికొచ్చాక ఎదురుగా ఎల్లి సెప్తానన్నాడు."

మాస్టారు ఇక చాలన్నట్టు చెయ్యి ఎత్తారు. సింహాచలమ్మ, "సెప్పనియ్యండి," అంది.

అతను సముద్రం వైపు తిరిగి చెప్పాడు. చెరువు గట్టు మీద పాక ముందురోజు గాలికే పోయింది. నీళ్ళు లేచినప్పుడు నలుగురూ ఒకే తాటిచెట్టుకి లుంగీలతో కట్టుకున్నారు. రాత్రంతా ఒకరినొకరు బావా బావా అని పిలుచుకుంటూనే ఉన్నారు. తెల్లవారేసరికి పిలుస్తున్నది తనొక్కడే. మూడో రోజు మనుషులొచ్చి దించారు.

"సూసినావా నాయినా? నా బిడ్డేనా?"

"పక్కనే ఉన్నాడమ్మా."

సింహాచలమ్మ ఏడవలేదు. ఇసక గుప్పిట్లోకి తీస్తూ, వదిలేస్తూ కూర్చుంది. "మరి నాకెందుకు తెల్లేదు? అక్కడోల్లు ఎందుకు సెప్పలేదు?"

"పోలీసోల్లు పేర్లు రాసుకున్నారు. బైరాగికీ, పోలారావుకీ ఇంటిపేరు, తండ్రిపేరు, ఊరు అన్నీ సెప్పినాను. ఈడికి లోకనాథ్ ఒకటే తెలుసు. ఊరంటే ఉద్దానం అన్నాను. అలాగ కుదరదన్నారు. నలభై రోజులు ఒక కుండలో తిన్నాం గాని, బావా అని పిలిసీసినాం, ఇంటిపేరు అడగలేదమ్మా. అప్పుడు ఒకడొచ్చి ఈడి మొహం ఫొటో తీసినాడు. నెంబరేసి, పోలీసు స్టేషను గోడకి అంటించినారు. అలాటియి గోడ నిండా ఉన్నాయి. ఎవులైనా వచ్చి గుర్తుపడితే అప్పుడు పేరు రాత్తామన్నారు." వలసూది మళ్ళీ అందుకుని, "సెయ్యి బాగయ్యాక ఒకపాలి మీ ఉద్దానంలో మందస బస్టాండుకొచ్చి లోకనాథ్ ఇల్లేదని అడిగినాను. ఏ లోకనాథ్ అని నవ్వినారు. తిరిగొచ్చీసినాను," అన్నాడు.

రెండేళ్ళు ఆమె కాశీబుగ్గలో కూర్చుని ఎవరెవరి బిడ్డల పేర్లో పెన్సిలుతో రాయించింది. అప్పుడంతా తన బిడ్డ మొహం ఇంకో రాష్ట్రంలో, ఒక గోడ మీద, ఎవరొచ్చి పేరు చెప్తారా అని ఉంది. అక్కడికెళ్ళి చూడాలన్న ఊహ ఆమెకి ఏ రోజూ రాలేదు. లోపలెక్కడో చూడకూడదనే ఉందేమో, ఆ దిక్కు వైపే తిరగలేదు.

"ఆ గోడ దగ్గరికి ఎలాగెల్లాలి బాబూ?"

"ఆ ఫొటోలు ఇప్పుడు లేవమ్మా. పోయినేడు బైరాగోల్లమ్మతో కాయితాల పని మీద ఎల్లినాను. స్టేషనుకి సున్నం ఏసీసినారు."

"ఫొటోలు తీసి ఏసినారా, తియ్యకండా ఏసినారా?"

"ఏటమ్మా?"

"సున్నం. ఫొటోలు పీకీసి ఏసినారా, వాటి మీదే ఏసీసినారా?"

ధనుంజయ్ మాస్టారి వైపు చూశాడు. "నాను సూడలేదమ్మా."

"మీదే ఏసుంటే కింద ఉంటాది," అంది సింహాచలమ్మ. లేచి, చీరకి అంటిన ఇసక దులుపుకుంది. "తడిగుడ్డెట్టి మెల్లగా రుద్దితే సున్నం వదిలేత్తాది. మన పెట్టెల్లో బూజట్టినవి తుడవలేదేటండి, మొహాలు వచ్చినాయిగదా. ఇచ్ఛాపురంలో ఆ వైపు బండి ఎన్నింటికండి మాస్టారండీ?"

మాస్టారికి ఆ బండి వేళ తెలుసు. చేతిలో ఉన్న కళ్ళజోడుని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు.