మొండక్క మీద ఆరిన చొక్కా

పొద్దున్నే లాడ్జి దుప్పట్లు ఉతికి, పిండి, బుట్ట చంకనెత్తుకుని ఇసుక గట్టెక్కడం లాండ్రీ పిన్నికి ఇరవై ఏళ్ళ అలవాటు. గట్టు మీద ఒక పక్క ఆమె కట్టుకున్న తీగలు. రెండో పక్క, సముద్రానికి అడ్డం పడినట్టు, మొండక్క పొదలు. పుస్తకాల్లో వాటికేదో పొడుగాటి పేరుందిట. రెండు స్టేషన్ల అవతలివాళ్ళు ఉప్పుచెట్టంటారు. ఇక్కడ మాత్రం మొండక్కే. నడుమెత్తు పొద, దళసరి ఆకు. ఉప్పుగాలికి చావదు, మేక ముట్టదు, పీకిపారేస్తే నెల తిరక్కుండా అక్కడే మళ్ళీ మొలుస్తుంది.

దాని మీద ఆరిన బట్ట వేసుకున్నవాళ్ళు, ఆ బట్ట మళ్ళీ ఉతికేదాకా, మనసు దేన్ని పట్టుకుందో దాన్ని వదలరు. బదిలీ కాగితం అందిన రోజున బ్యాంకు గుమాస్తా తన చొక్కా అక్కడ ఆరేయించుకున్నాడు. వారానికల్లా బదిలీ అయింది పై అధికారికి. "మా ఆయన చొక్కాలు మాత్రం తీగ మీదే వెయ్యి పిన్నీ, ఉన్న మొండితనంతోనే వేగలేక చస్తున్నా" అనేది టీచరుగారి భార్య. ఒకసారి పిన్ని పరధ్యానంలో లాడ్జి దుప్పట్లు పొదల మీద పరిచేసింది. ఆ వారమంతా గదులు ఖాళీ చెయ్యమంటే ఒక్కరు మంచం దిగితే ఒట్టు.

తన చీర మాత్రం పిన్ని ఎన్నడూ వాటి మీద వెయ్యలేదు. ఎవరేమన్నా "అలాగేలే" అనే మనిషి. మొండితనంతో ఆమెకేం పని?

ఆ శుక్రవారం పట్నం నుంచి అన్నయ్య ఫోను చేశాడు. బస్సు కండక్టరుగా రిటైరై, వదిన పోయాక మూడో అంతస్తులో ఒక గది తీసుకుని ఉంటున్నాడు.

"ఆదివారం వ్యాను తెస్తున్నానే. సామాను సర్దుకో. ఒక్కదానివే ఎన్నాళ్ళుంటావు? కాలు జారి పడితే చూసే దిక్కెవరు?"

"అలాగేలే అన్నయ్యా" అంది. ఫోను పెట్టేశాక సబ్బు నురగ చేతుల మీదే ఎండిపోయేదాకా కూర్చుండిపోయింది.

ఆదివారం తెల్లవారుతూనే నీలం చీర ఉతికి గట్టెక్కింది. పరీక్షల కాలం కదా, పొదలనిండా పిల్లల యూనిఫారాలే. చివర ఒక్క పొద ఖాళీగా ఉంది. అటు నడుస్తుండగా వెనక నుంచి కేక వినిపించింది. అన్నయ్య! వ్యాను బురదలో దిగబడితే తోసినట్టున్నాడు, చొక్కా నిండా బురద.

"ఇంకోటి తెచ్చుకోలేదే. కాస్త జాడించి ఇస్తావా?"

బనీనులో నిలబడ్డాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఇంతగా ఎప్పుడు చిక్కిపోయాడు? తీగల నిండా దుప్పట్లే, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. పిన్ని చేతిలోని చీర వంక చూసుకుంది, వణుకుతున్న అన్నయ్యని చూసింది. చీర బకెట్లో పడేసి, చొక్కా ఉతికి ఆ ఒక్క పొద మీద పరిచింది. ఇంక ఈయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, తన కథ కంచికే అనుకుంది.

చొక్కా ఆరింది. అన్నయ్య తొడుక్కుని బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. డ్రైవరు రెండు పెట్టెలూ ఇస్త్రీపెట్టే ఎక్కించి హారన్ కొట్టాడు.

"లే అన్నయ్యా, పిలుస్తున్నాడు."

"లేవలేకపోతున్నానే."

డ్రైవరొచ్చి చెయ్యి పట్టి లాగాడు. అన్నయ్య అంగుళం కదల్లేదు. తల దించుకుని అన్నాడు:

"పోయిన నెల స్నానాలగదిలో పడ్డాను. పొద్దున్న పడితే సాయంత్రందాకా అక్కడే. పక్కగదివాడు నీళ్ళచప్పుడు ఆగలేదని తలుపు కొడితేగాని..."

పిన్ని పక్కనే కూలబడింది. "నాతో చెప్పొచ్చుగా!"

"పెద్దవాణ్ణి కదే. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నిన్ను తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నా."

"నాకు రావాలని లేదన్నయ్యా."

"తెలుసు. ఫోనులోనే తెలిసింది. తెలిసే వ్యాను మాట్లాడాను." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ గదికి మళ్ళీ వెళ్ళలేనే."

ఎవరూ చెప్పకుండానే డ్రైవరు పెట్టెలు దించేశాడు.

నాలుగు రోజులు అదే చొక్కాతో గడిపాడు. అయిదోరోజు మెడపట్టీ నల్లబడితే పిన్నే అడిగి విప్పించి ఉతికింది. పొదల వైపు ఒకసారి చూసి, తీగ మీదే ఆరేసింది. మధ్యాహ్నం అన్నయ్య అది తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, "వస్తానే" అని బస్టాపు వైపు వెళ్ళిపోయాడు. ఆమె ఆపలేదు. వెళ్తే వెళ్ళనీ అనుకుంది గానీ ఆ పూట ఇస్త్రీ చేసిన దిండుగలీబుల్లో రెండు మాడాయి.

దీపాలు పెట్టే వేళకి వీధి మొగలో బస్సు ఆగింది. పైనుంచి కండక్టరు మడతమంచం దింపుతుంటే, "మెల్లిగా అబ్బాయ్, కోడు విరుగుతుంది! నీ సర్వీసంత లేదూ దాని వయసు!" అని కింద అన్నయ్య ఒకటే గోల.

మంచం మోసుకొచ్చి గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడ్డాడు. "గది తాళాలు ఇచ్చేశానే. ఇదెక్కడ వెయ్యను?"

పిన్ని ఇరుకు గది నాలుగు మూలలూ చూసింది.

"ఇస్త్రీ బల్ల కాస్త ఇటు జరపాలి. అటు పక్క పట్టు."