కొమురయ్య చేతి ఇస్త్రీ పెట్టె

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో, పగిలిన బిందెల మధ్య పడి ఉన్నాను. అంతకుముందు పదకొండేళ్లు నగర శివారులో ఒక కాలనీ గేటు పక్కన, కొమురయ్య తోపుడుబండి మీద బతికాను. ఆయన ఇస్త్రీ చేసేవాడు. భార్య లస్మవ్వ ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చేది. ఊళ్లకు వెళ్లేటప్పుడు కాలనీవాళ్లు ఇంటి తాళంచెవులు కూడా మాకే అప్పగించేవారు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, కాలనీలో ఒంటరిగా ఉండే పెద్దావిడ కౌసల్యమ్మను ఎవరో తలమీద కొట్టి మెడలో గొలుసులు లాక్కుపోయారు. ప్రాణం మిగిలింది గానీ ఆవిడకు మాట పడిపోయింది.

సాయంత్రానికి అందరూ గేటు దగ్గర చేరారు. పక్కింటివాళ్ల పేరైనా తెలియని మనుషులు ఆవేళ ఒక్కటయ్యారు. కాలనీ సంఘానికి పెద్ద సులోచనగారు.

"పొద్దున ఆ ఇంటికి వెళ్లింది లస్మవ్వేగా?" అందావిడ.

"బట్టలకు పోయిన్నమ్మా. రోజూ పోత గద!"

"రోజూ వెళ్లేవాళ్లకేగా ఇంటి గుట్టు తెలిసేది."

కొమురయ్య నన్ను పక్కన పెట్టాడు. "అమ్మా, మీ తాళంచెవి నా తాన ఎన్నిసార్లు పెట్టి పోయిన్రు? ఒక్క గుండుసూదన్న పోయిందా?"

ఎవరో నా మూత తెరిచి, బూడిదంతా రోడ్డు మీద కుమ్మరించి, గొలుసుల కోసం పుల్లతో కెలికారు. బూడిదలో బూడిదే దొరికింది. అయినా మర్నాడు పోలీసులు వచ్చి కొమురయ్యను తీసుకుపోయారు. ఇచ్చిన బట్టలను ముడతలతోనే వెనక్కి పట్టుకుపోయారు జనం.

నాలుగో రోజు వదిలిపెట్టారు. కుడిచేతి వేళ్లు వాచి వంకర తిరిగి ఉన్నాయి. లస్మవ్వ నోరు తెరవబోతే, "అడగకే" అన్నాడు, అంతే.

తొమ్మిదో రోజు కౌసల్యమ్మకు మాట వచ్చింది. మొదట పలికింది సొంత చెల్లెలి కొడుకు పేరు. ఆ మధ్యాహ్నం ఆవిడ చేతి కాఫీ తాగి మరీ కొట్టాడట. గొలుసులు అతని దగ్గరే దొరికాయి.

ఆ సాయంత్రమే సులోచనగారు పట్టుచీర పట్టుకుని వచ్చింది. "పోనీలే లస్మవ్వా, ఏదో అయిపోయింది. రేపు పెళ్లికి వెళ్లాలి, ఇది కాస్త చూడు."

కొమురయ్య నన్ను ఎత్తబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. నేను జారి బండి మీద పడ్డాను, నిప్పులు చెదిరాయి. లస్మవ్వ వాటిని ఒక్కొక్కటే ఏరి నాలో వేసి, చీరను తిరిగి ఆవిడ చేతుల్లో పెట్టింది.

"మాతోని కాదమ్మా."

ఆ వారంలోనే బండి సర్దుకున్నారు. మేము వెళ్లే పూట గేటుకు కొత్త బోర్డు కడుతున్నారు. చదువురాని కొమురయ్య ఆగి, వాచ్‌మన్ రాజలింగాన్ని అడిగాడు: "ఏం రాసిన్రే?"

బయటి పనివాళ్లకు లోపలికి ప్రవేశం లేదని రాసి ఉంది. రాజలింగం బోర్డు వంక చూశాడు, కొమురయ్య చేతి వంక చూశాడు.

"ఏం లేదన్నా," అన్నాడు, "కాలనీ పేరు రాసిన్రు."

"సూడనీకి మంచిగ కొడుతుంది," అని కొమురయ్య ఎడమచేత్తో బండి తోశాడు.