మూడు టకటకలు, ఒక ఈడ్పు

మా కుక్క చావుకూ మావారి సైకిలు ప్రయాణానికీ ఉన్న సంబంధాన్ని చూసినవాళ్ళు మమకారం అనుకున్నారు. నిజానికి అది ఒక షరతు.

మావారు ఉద్యోగకాలమంతా బస్సు నడిపారు. దారిలో వచ్చే ఏ ఊళ్ళోనూ నిలబడి చూసే తీరిక ఆయనకు దొరకలేదు. పదవీ విరమణ అయ్యాక అదే దారిలో, సముద్రం దాకా, సైకిలు మీద వెళ్ళిరావాలన్నది ఆయన కోరిక. "జన్మంతా టైముకి పోయానోయ్. ఒక్కసారి టైము లేకుండా పోతాను," అనేవారు. రెండు నెలల ప్రయాణం. నేను ఒప్పుకోవడానికి కారణం కుక్క. అంతకు ముందటేడు నేను స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు, పై అంతస్తులో ఉండే మా ఆడపడుచు దిగి వచ్చేదాకా అరుస్తూనే ఉన్నది అదే. అది ఇంట్లో ఉంటే నేను ఒంటరిని కాను. నేను ఒంటరిని కాకపోతే ఆయన వెళ్ళవచ్చు. మా మధ్య ఒప్పందం అంతే.

దాని పేరు కండక్టర్. ఇంట్లోవాళ్ళందరూ లోపలికి చేరారో లేదో చూసుకుంటే తప్ప పడుకునేది కాదు గనక మావారే ఆ పేరు పెట్టారు. ఆయన సాధన కోసం సైకిలు తీస్తే వెనకాలే బయల్దేరేది. వయసు మీద పడ్డాక దాని వెనక కాలు ఒకటి వంగడం మానేసింది. దాంతో గచ్చు మీద దాని నడకకు ఒక లెక్క ఏర్పడింది: గోళ్ళ టకటకలు మూడు, ఆ తర్వాత ఒక ఈడ్పు.

ప్రయాణం దగ్గర పడుతుండగా అది తిండి మానేసింది. పశువుల డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, లోపల గడ్డ పగిలిందని చెప్పింది. ఆ సాయంత్రమే, ఆమె బల్ల మీద, మావారి అరచేతి కింద దాని ఊపిరి ఆగిపోయింది. ఇంటికి రాగానే ఆయన సైకిలు సంచుల్లో సర్దుకున్న బట్టలన్నీ తీసి బీరువాలో పెట్టడం మొదలుపెట్టారు.

"ఏం చేస్తున్నారు?"

"షరతు షరతేగా. నిన్నొక్కదాన్నీ వదిలేసి ఎలా పోతాను?"

"పోనీ, వచ్చే ఏడాది?"

"వచ్చే ఏడాదికి ఈ ఒళ్ళు నా మాట వింటుందంటావా?"

ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. అదే నన్ను బాధించింది.

మా ఆడపడుచుకు మనవలున్నా ఇంకా అందరికీ అమ్మడే. "నేను కిందికొచ్చి పడుకుంటాలే వదినా, అన్నయ్యని పోనీ," అంది. నేను వద్దన్నాను. కుక్క కాపలా కాస్తే దాన్ని స్నేహం అంటారు. మనిషి కాపలా కాస్తే మనకు జబ్బు ఉన్నట్టు లెక్క.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. వెనక నుంచి వినిపించింది. టక్, టక్, టక్, ఈడ్పు.

"ఉండరా, తర్వాత," అన్నాను, అలవాటు కొద్దీ. ఆ మాట నోటి నుంచి వచ్చాక గాని గుర్తు రాలేదు, అది లేదని.

నేను పనిచేసింది నీటి పరీక్షా కేంద్రంలో. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని మేము ఫలితం అనేవాళ్ళం కాదు. అందుచేత ఫ్రిజ్ ఆపాను. కుళాయి బిగించాను. కిటికీ రెక్కలకు గడియ పెట్టాను. నేలకు రాసుకునే కర్టెను అంచు పైకి మడిచి పిన్ను పెట్టి, కుర్చీలో కూర్చున్నాను. చప్పుడు ముందుగదిలోంచి వచ్చి, నా కుర్చీ పక్కన ఆగింది. తిరిగి చూస్తే గచ్చు, గచ్చు మీద ఎండ. మరుసటి రోజూ అంతే, ఆ పై రోజూ అంతే. నన్ను కలవరపెట్టింది చప్పుడు కాదు, దానివల్ల నాకు కలిగిన నిశ్చింత. కుక్క పోయాక మొదటిసారి నిండుగా నిద్రపోయాను.

ఒక పొద్దున అమ్మడు పాలగిన్నెతో వచ్చి, వంటింటి గుమ్మంలో కాలు ఎత్తి, అక్కడ లేని కుక్కను దాటి లోపలికి అడుగుపెట్టింది.

"దేన్ని దాటావు?" అన్నాను.

ఆమె కిందికి చూసుకుని నాలుక కరుచుకుంది. "అలవాటు వదినా. అయినా పోయింది కుక్క. మీ ఇద్దరి మొహాలూ చూస్తుంటే నేనే పోయానేమోనని అనుమానం వస్తోంది."

ఆమె నవ్వించింది గాని, వెళ్ళేటప్పుడు కూడా కాలు ఎత్తే దాటింది.

ఆ పూటే మావారితో, "మీరు వెళ్ళండి," అన్నాను.

"మరి నీకు తోడు?"

"ఉంది."

ఆయన అమ్మడి గురించి అనుకున్నారు. ఉన్నమాట చెప్తే ఆయన సముద్రానికి బదులు నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఉండేవారు. బట్టలు మళ్ళీ సంచుల్లోకి చేరాయి.

బయల్దేరే ముందురోజు సైకిలు షాపతను బండిని బిగించి తెచ్చి, నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మగారూ, సారుతో మీరైనా చెప్పండి. అద్దం ఎన్నిసార్లు సరిచేసినా మళ్ళీ కిందికి వంచేస్తున్నారు. అందులో రోడ్డు తప్ప ఏం కనపడదు. వెనకాల లారీ వస్తే ఎలా?"

హ్యాండిలుకు కుడివైపున్న ఆ అద్దం వంపు చూడగానే కారణం తెలిసిపోయింది. ఆ వంపులో కనపడేది మనిషి మోకాలి ఎత్తు దాటని ప్రాణి మాత్రమే.

"ఎందుకు వంచుతున్నారు?" అని అడిగాను ఆయన్ని.

సైకిలు గంట మూత తుడుస్తూ చెప్పారు. "చూడకపోతే కండక్టర్ వస్తున్నట్టే ఉంటాడు. చూస్తే ఉండడు. మలుపు తిరగ్గానే మళ్ళీ వస్తున్నట్టే ఉంటాడు."

"చప్పుడు వినిపిస్తుందా?"

"చప్పుడేం లేదోయ్. బస్సులో వెనక్కి చూడకుండానే తెలిసేది, ఎవరో ఫుట్‌బోర్డు మీద నిలబడ్డారని. అలాగ."

చప్పుడు లేదన్న మాట నాకు ఊరట ఇచ్చింది. ఆ ఊరటలో కొంత గర్వం కూడా ఉంది: ఆయనది తలపు మాత్రమే, కుక్క ఉన్నది నా దగ్గర. "మీ వెనక వచ్చేవి లారీలు. వాటిని చూసుకోండి," అని అద్దం పైకెత్తి, మర నా చేత్తోనే బిగించాను.

తెల్లవారగానే ఆయన బయల్దేరారు. అమ్మడు మేడ మీద నుంచే అరిచింది. "అన్నయ్యా, దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఆపి ఎక్కించుకునేవు, అది బస్సు కాదు!" ఆయన చెయ్యి ఊపి మలుపు తిరిగారు. నేను తలుపు వేయబోయి, చేత్తో రెక్క పట్టుకుని, కొద్దిసేపు అలాగే తెరిచి ఉంచాను. ఆయన బయటికి వెళ్ళినప్పుడల్లా కండక్టర్ వెనకాల పోవడానికి అలా ఆగడం నాకు అలవాటు. ఆ అలవాటుకు ఆరోజు ఏ ఫలితం ఉండగలదో ఆలోచించలేదు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. మధ్యాహ్నం దాకా ఏమీ రాలేదు. నేను చేసిన పరీక్షలన్నీ తిరగేశాను. కిటికీలు తెరిచాను, కర్టెనుకు పెట్టిన పిన్ను తీశాను, కుళాయి వదులు చేశాను. దాన్ని పోలిన ఏ చప్పుడు వచ్చినా ఒప్పుకుందును. కుళాయి నుంచి చుక్కలు పడ్డాయి, అవి చుక్కల్లాగే పడ్డాయి. స్నానాలగది తలుపు చూస్తే మొదటిసారి భయం వేసింది. కుక్క చనిపోయిన రోజున మా ఇల్లు ఖాళీ కాలేదు. ఈరోజు అయింది.

పొద్దు వాలుతుండగా ఆయన ఫోను చేశారు. ఏదో మిల్లు పక్కన గది దొరికిందట.

"ఒక మాట చెప్తాను, నవ్వకూడదు."

"నవ్వను, చెప్పండి."

"ఎత్తు ఎక్కలేక దిగి నడిపిస్తున్నాను. వెనకాల తారు మీద గోళ్ళ చప్పుడు. మూడు గట్టిగా తగులుతాయి, నాలుగోది ఈడుస్తుంది. నేను ఆగితే ఆగింది. ఇన్నాళ్ళూ లేదోయ్ ఈ చప్పుడు, ఈరోజే."

దాని నడక ఇద్దరమూ ఎరిగినదే కాబట్టి అది ఆయన ఊహ అని వాదించవచ్చు. కాని ఇద్దరిలో ఒకరి దగ్గర ఆగిపోయి, అదే రోజు మరొకరి దగ్గర మొదలు కావడాన్ని ఏమనాలో నాకు తెలియదు.

"భయమేసిందా?"

"లేదు. బావుంది." ఆ వెంటనే, "నువ్వెలా ఉన్నావు? ఇంట్లో ఒక్కదానివీ ఇబ్బందిగా ఉంటే చెప్పు, రేపే వెనక్కి తిరుగుతాను," అన్నారు.

ఒక్క మాట అంటే ఇద్దరూ తిరిగి వచ్చేస్తారు. అలా వస్తే ఆయన ఇంకెన్నడూ బయల్దేరరు. మొదటిది నాకు కావాలి. రెండోది నేను భరించలేను.

"ఇబ్బందేం లేదు. ఎండ ఎక్కకముందే బయల్దేరండి. నీడ కనిపించినచోట కాస్త ఎక్కువసేపు ఆగండి. పల్లంలో కూడా మెల్లిగానే పోండి."

"నాకేం అలుపు రాలేదోయ్."

"మీకని కాదు."

 "సరే," అన్నారు, చాలా నెమ్మదిగా.

నేను మెట్ల దగ్గరికి వెళ్ళి అమ్మడిని కేకేశాను. "కిందికొచ్చి పడుకుంటావా?"

"ఇప్పటికి దిగొచ్చావా తల్లీ! ఎన్నాళ్ళు?"

"వాళ్ళొచ్చేదాకా."

"వాళ్ళా? అబ్బో, ఊరు దాటగానే మా అన్నయ్యకి మర్యాద పెరిగిందే!" అని నవ్వుతూ, దిండు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.