అంటు విరిగిన గులాబీ

దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ, ఘుగ్గుస్ గని కాలనీలో ఉండే యారాళ్ల, అదే తోడికోడళ్ల సంగతి చెబుతాను. పెద్దామె రుక్కమ్మ. చనిపోయిన కూతురు నర్సరీ నుంచి తెచ్చి నాటిన ఎర్ర గులాబీని, ఆకుల మీద బొగ్గు దుమ్ము కడిగి కడిగి పెంచుతోంది. చిన్నామె కోమల ఒక కొమ్మ అడిగింది.

“మొదటి పువ్వు నా బిడ్డ ఫోటోకు పెట్టినంక ఇస్త, జర ఆగరాదే” అంది రుక్కమ్మ.

కోమలకు కడుపు మండింది. నర్సరీ గులాబీకి వేరు అడవి మొక్కది, పువ్వు పైన కట్టిన అంటుది. అది తెలిసే, ఎవరూ చూడకుండా అంటును అతుకు దగ్గర విరిచేసింది. కిందినుంచి పువ్వు పూయని అడవి చిగుళ్లు లేచాయి.

“మేక కొరికిందేమో అక్కా! అయినా ఎంత జోరుగ పెరుగుతుందో చూడు” అంది.

రుక్కమ్మ ఎండాకాలమంతా తాగే నీళ్లు కూడా దానికే పోసింది. చలికాలం వచ్చినా ముళ్లే తప్ప మొగ్గ లేదు. చివరికి ఒక కొమ్మ తెచ్చి కోమల చేతిలో పెట్టింది.

“నా చేతిల పూస్తలేదే. నీ చేతిల పూస్తే నా బిడ్డకు పెట్టు.”

కోమల దాన్ని తన గుమ్మం పక్కనే నాటింది. ఇప్పటికీ రుక్కమ్మ రోజూ పొద్దున్నే వచ్చి అడుగుతుంది, “మొగ్గేసిందా కోమలా?”

ఇది మరిచిపోకుండా మీ వాళ్లకూ చెప్పండి. రుక్కమ్మకు మాత్రం చెప్పకండి.