రాజశ్రీ జడ

డ్యూటీకెళ్లే ముందు నీలవేణి పొద్దుటెండలో పీటేసుకుని కొడుకు నీడకి జడ వేసేది. దిలీప్‌ది పుట్టినప్పట్నించీ క్రాపే. నీడకి మాత్రం నడుం దాటిన జుట్టు. రైల్వే క్వార్టర్లలో అందరికీ తెలిసిందే. "ఒరే దిలీపూ, నీ నీడ జడ ఊడిపోనాది, సూసుకో!" అనేవాళ్లు కుళాయి దగ్గర ఆడవాళ్లు. ఆ నీడకి రాజశ్రీ అని ముద్దుపేరు పెట్టింది కూడా నీలవేణే.

ఇరవైమూడో ఏట బిడ్డ ఆ పేరు తనదేనంది. ఒళ్లు కూడా వైద్యంతో మార్చుకుంటానంది. నీలవేణి ఏడ్చి, ముక్కు చీదుకుని, "అచ్ఛా, నువ్వు సిన్నప్పట్నించీ ఇంతేనని డాక్టరమ్మకి నేనే సెప్తాను," అని నెత్తిన చెయ్యేసి ఒట్టేసింది.

"అప్పటిదాకా ఎవరితోనూ అనకే అమ్మా," అంది రాజశ్రీ.

ఆదివారానికల్లా చర్చిలో పాస్టరుగారు దిలీప్ అని పేరు పెట్టి మరీ ప్రార్థన చేయించారు. "దేహం దేవుడి ఆలయం నాయనా, మనం కూల్చకూడదు," అన్నారు మెత్తగానే. ఆయన్నేమనాలి? చెప్పింది కన్నతల్లి! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

అయినా సోమవారం కుదుదండ్ పేటలో డాక్టర్ నసీమా దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. ఆవిడ ఉత్తరం రాస్తేనే పెద్దాసుపత్రిలో వైద్యం మొదలయ్యేది. జరిగిందంతా విని ఆవిడ తలాడించింది.

"మా మతపెద్దల్లోనూ చాలామంది ఇది తప్పంటారు. పుట్టుకతోనే ఒంట్లో తేడా ఉంటే చేయొచ్చంటారు. అందరికీ చేయొచ్చనేవాళ్లూ కొందరున్నారు. నేనింకా తేల్చుకోలేదు. కానీ పేషెంటు చెప్పిన మాట అమానత్, నమ్మి దాచమన్న సొమ్ము. అది బయటపెడితే అల్లాకి జవాబు చెప్పుకోవాలి." తర్వాత తల్లి వైపు తిరిగింది. "చిన్నప్పుడు ఎలా ఉండేదమ్మా?"

నీలవేణి తల దించుకుంది. "మగపిల్లాడేనమ్మా. ఏ తేడా నేదు."

కిటికీ ఎండలో రాజశ్రీ నీడ లేచి, రోజూలాగే వెళ్లి తల్లి మోకాళ్ల మధ్య కూర్చుంది.

"ఏ తేడా నేదు," అంటూనే ఉంది నీలవేణి. చేతులు మాత్రం మూడు పాయలు తీసి అల్లుకుపోతున్నాయి.

డాక్టరమ్మ ఆ వేళ్లకేసి చాలాసేపు చూసింది. కలం తీసి ఉత్తరం రాసేసింది.

రాజశ్రీ ఉత్తరం అందుకుని గుమ్మం దాటింది.

"ఆగే, కొస ముడెయ్యనేదు!" అంది తల్లి వెనకనించి.

"నేనేసుకుంటాను," అని నీడని పిలుచుకుని, రాజశ్రీ మెట్లు దిగిపోయింది.