పెరట్లోకి వచ్చిన ఆకుపచ్చ కుర్చీ

కుర్చీలు ఆరు. మూడు ఆయనవి, రెండు ఆమెవి, ఒకటి ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గేటు పక్కన వదిలేస్తే తెచ్చుకున్నది. పెళ్ళితో రెండు ఇళ్ళు ఒకటయ్యాయి కానీ వంటగదిలో బల్ల చుట్టూ మాత్రం ఇంకా ఎవరి జట్టు వాళ్ళదే.

ఆమెకి రంగుల దుకాణంలో పని. గోడ పెచ్చో గుడ్డ ముక్కో తెచ్చి ముందు పెడితే, దానికి సరిపోయే రంగు కలిపి డబ్బాలో పోసి ఇస్తుంది. అందుకే ఆయన కూతురు ఆమెని "రంగులావిడ" అంటుంది. మొదట ఫోన్లో పెద్దమ్మతో అంది, తర్వాత మొహం మీదే అంది. ఆమె ఊరుకుంది. అప్పటిదాకా ఆ పిల్ల ఏ పేరుతోనూ పిలవలేదు మరి.

కుర్చీలన్నిటికీ ఒకే రంగు వేద్దామన్నది ఆమె మాటే. రంగుల కార్డు తెచ్చి బల్ల మీద పరిచింది.

"తెలుపు?" అంది.

"ఆస్పత్రిలో భోంచేసినట్టుంటుంది," అంది పిల్ల.

"ఎరుపు మాత్రం వద్దు. పొద్దస్తమానం ఎర్ర బస్సు తోలి ఇంటికొచ్చి మళ్ళీ దాన్లోనే కూర్చోనా?" అన్నాడు ఆయన.

చివరికి లేత పసుపు దగ్గర ముగ్గురూ ఆగారు. అప్పుడే పిల్ల ఇంకో మాట అంది.

"ఆ ఆకుపచ్చ కుర్చీ రంగు మా అమ్మ వేసింది. దాని జోలికొస్తే నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోతా. ఇక అక్కడే చదువుకుంటా."

ఉత్త బెదిరింపు కాదు. తల్లి పోయినప్పటి నుంచీ పెద్దమ్మ రమ్మంటూనే ఉంది. శనివారం సాయంత్రం వస్తానని ఫోన్ కూడా చేసింది. "సంచి సర్దుకో. ఉండాలనిపిస్తే విప్పేసుకుందువుగాని," అంది.

దాంతో ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. పెరట్లో పెట్టినవి ఆయన గరుకు కాగితంతో గీకాలి, ఆమె రంగు వెయ్యాలి. వంటగదిలో ఉన్నది ముట్టుకోకూడదు.

శనివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన ఆమె పెరటి గుమ్మంలో ఆగిపోయింది. ఆకుపచ్చ కుర్చీ పెరట్లో ఉంది. దాని మీద ఆకుపచ్చ లేదు. కాళ్ళ నుంచి వీపు దాకా చెక్క బయటపడింది. ఆయన పక్కనే నిలబడి చొక్కాకి అంటిన పొట్టు దులుపుకుంటున్నాడు.

"ఇదెందుకు గీకారు?"

"బయట పెట్టావుగా. నువ్వూ పిల్లా మాట్లాడుకున్నారనుకున్నా. పోన్లే, దారికొచ్చిందని సంతోషపడ్డాను కూడా."

ఆమెకి పొద్దున్న గుర్తొచ్చింది. ఐదు కుర్చీలకీ మొదటి పూత వేశాక నడుము పట్టేసింది. కాసేపు కూర్చుని టీ తాగుదామంటే అన్నీ తడిగా ఉన్నాయి. లోపలికి వెళ్ళి ఆకుపచ్చది తెచ్చుకుంది. టీ తాగింది. దుకాణం నుంచి ఫోన్ వస్తే అలాగే వదిలేసి పరుగెత్తింది.

ఆయన మొహంలో రంగు మారింది. "ఇప్పుడెలా? పిల్ల బడి నుంచి వచ్చేస్తుంది. వెనకాలే వాళ్ళ పెద్దమ్మ. నువ్వు ఏ రంగైనా కలుపుతావుగా. కలిపి వేసెయ్. దానికేం తెలుస్తుంది?"

ఆమె నేల మీద వంగింది. పొట్టులో వేలి గోరంత పెచ్చు ఒకటి దొరికింది. కుర్చీ తిరగేసి సీటు కింద ఇనప పట్టీ మర విప్పింది. పట్టీ కింద గరుకు కాగితం తగలని చోట ఆకుపచ్చ ఉంది. పెచ్చు పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటి కావు. పట్టీ కిందది చిక్కన. పెచ్చు ఎండకీ చేతులకీ వెలిసింది.

పట్టీ కింది రంగు కూడా ఒక పెచ్చు గీకి తీసుకుని, దుకాణానికి వెళ్ళి రెండు రంగులూ విడివిడిగా కలిపింది. అట్టముక్క మీద రాసి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టి, వెలిసిన పెచ్చు పక్కన పెట్టింది. తడి మీద చూసి సరిపోయిందనుకుంటే ఆరాక ముదురుతుంది. కొంచెం తెలుపు వేసి మళ్ళీ రాసింది. ఈసారి పెచ్చు ఎక్కడ ఆగిందో, అట్ట ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు.

ఇంటికొచ్చి వెలిసిన రంగు డబ్బా మూత తీసింది. బ్రష్షు ముంచింది. గేటు చప్పుడైంది.

పిల్ల వంటగదిలో భుజం మీది బడి సంచి దించింది. బల్ల దగ్గర ఖాళీ చూసింది. పెరట్లోకి వచ్చింది. వెళ్ళి వీపు చెక్క మీద అరచెయ్యి ఆనించి తీసి, చేతికంటిన దుమ్ము చూసుకుంది.

"బయటికెవరు తెచ్చారు?"

"నేనే తల్లీ," అన్నాడు తండ్రి వెంటనే. "పరధ్యానంలో..."

"నేను నిన్నడగలేదు నాన్నా."

బ్రష్షు నుంచి చుక్క ఒకటి నేల మీద పడింది.

"నేను తెచ్చాను," అంది ఆమె.

"గీకడానికా?"

"కూర్చోడానికి. మిగతావన్నీ తడిగా ఉన్నాయి. కూర్చుని టీ తాగాను. లోపల పెట్టడం మర్చిపోయాను. మీ నాన్న చూసి, నువ్వు ఒప్పుకున్నావనుకున్నారు."

"దాన్లో కూర్చున్నారా?"

"కూర్చున్నాను."

ఇక చాలన్నట్టు తండ్రి చెయ్యెత్తబోయి దించేశాడు. పిల్ల చూపు డబ్బాల మీద పడింది. "అవేంటి?"

"ఇది మీ అమ్మ వేసిన రోజు నాటి రంగు, పట్టీ కింద ఉంది. ఇది ఈ పొద్దున్నదాకా ఉన్న రంగు."

"నేను లేటుగా వచ్చుంటే?"

"ఇది వేసేసేదాన్ని."

"చెప్పేవారా?"

"తెలీదు. చెప్పకూడదనే మొదలుపెట్టాను."

"నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

పిల్ల అట్టముక్క అందుకుంది. దాని మీద ఆనించిన పెచ్చు గోటితో కదిపి చూస్తేగానీ కనిపించలేదు. వీధిలో ఆటో ఆగింది.

"చిక్కటిది నేనెప్పుడూ చూడలేదు," అంది పిల్ల. "నాకు తెలిసింది ఇదే." వెలిసిన రంగు డబ్బా తన వైపు లాక్కుంది. "బ్రష్షు ఇవ్వండి. మీరు వెయ్యద్దు. ఊరికే పట్టుకోండి."

ఆమె కూర్చుని కుర్చీ కాళ్ళు పట్టుకుంది. పిల్ల మందంగా పూసింది. రంగు కారింది. సరిదిద్దాలని ఆమె వేళ్ళు లాగాయి. కదలకుండా పట్టుకుంది.

పెద్దమ్మ పెరటి గుమ్మంలో నిలబడింది. కుర్చీని చూసింది, రంగులావిడని చూసింది, మరిదిని చూసింది. "అయ్యిందా మీ నిర్వాకం? నేననుకుంటూనే ఉన్నా. పదవే, సంచేదీ?"

"సర్దలేదు పెద్దమ్మా."

"సర్దు మరి. ఆటో ఉంచాను."

"పంపించెయ్." పిల్ల తలెత్తలేదు. "ఇది ఆరాక ఇంకో పూత వెయ్యాలి. ఈవిడకి వదిలేస్తే మళ్ళీ కూర్చుంటుంది."